మా నవలకు తగిన యడవి

ప్రణయమును భయమును పెనవైచిన నవల వ్రాయుటకు ఉత్తరధ్రువపు మంచుదేశము లేల? మన యాదిలాబాదు అడవులు చాలవా? మేము కథను కడెము నదిమీది కుంతాల జలపాతమువద్ద ప్రారంభింప దలచితిమి. వానకాలపు హోరులో నాయిక పిలుపు నాయకునకు వినబడదు, ఇరువురును విడిపోవుదురు.

కవ్వాలు అడవి 2012లో పులుల సంరక్షణ కేంద్రమైనది గాని, పులిని మేము తీసికొనిరాము. అది ప్రతి కథకునకును సులభముగ దొరకు భయము!

ఆ యడవి నిర్జనము కాదు. అచట గోండుల గూడెము లున్నవి. అడవిమీది హక్కులకై పోరాడిన కొమురం భీము 1940లో జోడేఘాటువద్ద నిజాము పోలీసుల కాల్పులలో మరణించెను. మా నాయకుడో, అడవి కొలువులోనివాడు, ఖాకీ దుస్తులవాడు. నాయికను వెదకుచు నడిరేయి గూడెము చేరును. ఆమె పోయిన త్రోవ ఒక వృద్ధురాలికే తెలియును. ఆమె యతని దుస్తులవంక చూచుచున్నది. ఇంకను నోరు విప్పలేదు.