పెరట్లో వంటిల్లు కట్టే ముందు



పెరట్లో వంటిల్లు కట్టాలని మన సభ్యులు కొందరు నన్ను అడుగుతూ ఉన్నారు. మా తూత్తుకుడి ఇంట్లో పోయిన ఏడు కట్టించాను, తెలిసింది రాస్తాను. నేను చదివింది తమిళ బడిలో. తెలుగు అక్షరాలు రిటైరయ్యాక నేర్చుకున్నవి. మాట తేడాగా ఉంటే సర్దుకుని చదవండి.

మా ఇంటామె ముప్పై ఏళ్లకు పైగా రైల్వే క్వార్టర్సులో, గాలాడని వంటింట్లో పొగ మింగింది. ఇకనైనా చేపలు వేయించేటప్పుడు, పండక్కి మురుకులు చుట్టేటప్పుడు గాలిలో నిలబడి వండుకోవాలని నా ఆశ. డబ్బు మాత్రం రిటైర్మెంటు డబ్బే. ఒకసారి కట్టింది పాడైతే మళ్లీ కట్టే వయసూ లేదు, వసతీ లేదు.

మా ఊరి చుట్టూ ఉప్పుమడులు. ఆ గాలికి ఇనుము నిలవదు. స్టీలు అలమారాలు పెట్టమన్నారు. అయస్కాంతం అంటకపోతే మంచి స్టీలు అని అంగట్లో చెబుతారు, నమ్మకండి. 202 రకానికీ అంటదు, 304 రకానికీ అంటదు. 304లో నికెల్ సుమారు 8 శాతం ఉంటుంది, 202లో అంతకంటే తక్కువ. కొంటే బిల్లులో 304 అని రాయించుకోండి. సముద్రం పక్కన దానికీ మరకలు వస్తాయి. అందుకే నేను స్టీలే వద్దని ఇటుక గోడలు కట్టించి నల్ల గ్రానైటు పలకలు వేయించాను. కడప రాయి చవకే, కానీ చింతపండు, నిమ్మరసం పడితే తెల్ల మరక తేలుతుంది. కట్టె పొయ్యి లోపలి వైపు మామూలు ఇటుక, సిమెంటు కాకుండా ఫైర్ బ్రిక్, ఫైర్ క్లే వాడాలి. వేడికి సిమెంటు పూత పగిలిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం నీళ్లు. మా బోరు నీళ్లు ఉప్పు. కమ్మీ వేసే కాంక్రీటుకు కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని ఐఎస్ 456 చెబుతుంది. మించితే లోపలి కమ్మీ తుప్పు పట్టి పైకప్పు పెచ్చులూడుతుంది. స్లాబుకు, తర్వాత పది రోజులు తడపడానికి మంచినీళ్ల లారీ తెప్పించాను. ఇరుగుపొరుగు నవ్వారు, నవ్వనీ.

ఇక మేస్త్రీ సంగతి. ముగ్గురు వచ్చి చూశారు. ఇద్దరు టైల్సు ఏ రంగు అని అడిగారు. మూడో ఆయన పెరడంతా నడిచి, "సార్, ఇక్కడ వాన నీళ్లు ఎటు పోతాయి?" అన్నాడు. ఆయన రేటు తక్కువేమీ కాదు. తాను కట్టిన ఒక పెరటి వంటింటికి తీసుకుపోయి చూపించాడు. 2023 డిసెంబరు వరదలో అది నడుము లోతు నీళ్లలో మునిగిందట. మేస్త్రీని బయట నిలబెట్టి, అక్కడ రోజూ వండే అమ్మనే అడిగాను. "కడిగి, ఆరబెట్టి, వారంలో పొయ్యి వెలిగించినాము" అంది. అంతకంటే సర్టిఫికెట్టు నాకేం కావాలి?

రైల్వేలో కాంట్రాక్టరు డబ్బులో కొంత సెక్యూరిటీ డిపాజిట్టుగా పట్టి, మెయింటెనెన్స్ గడువు దాటాకే ఇస్తారు. నేనూ అదే చేశాను. పునాదికి ఇంత, స్లాబుకు ఇంత అని కాగితం మీద రాసుకుని, పదో వంతు మాత్రం ఐప్పసి, కార్తిగ వానలు దాటాక ఇస్తానన్నాను. మిగతా ఇద్దరిలో ఒకాయన ఈ మాటకు ముఖం చిట్లించి పోయాడు. ఈయన మాత్రం, "వాన పడితేనే కదా సార్ నా పని తెలిసేది" అన్నాడు.

వానలు వచ్చి పోయాయి. నేల మీద ఒక చెంబెడు నీళ్లు కూడా నిలవలేదు. ఆ పదో వంతు లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టాను.

కట్టాలనుకునేవాళ్లు ఇంటికి రండి, చూడండి. నన్ను కాదు, మా ఇంటామెను అడగండి. వండేది ఆమె.