మూడేళ్ళ గుర్రం, నాలుగో వంతు వాటా

కన్నడలో గుర్రాన్ని కుదురె అంటారు. తెలుగులో కుదురు అంటే నిలకడ. కన్నడ మీడియంలో చదువుకుని, తెలుగు ఇంట్లో మాత్రమే మాట్లాడిన మాకు చిన్నప్పుడు ఈ రెండు మాటలూ కలగలిసిపోయేవి. మొన్న వేసవిలో మా చిన్నాయన ఒక కుదురెలో వాటా కొంటానని పట్టుబట్టినప్పుడు, ఆయనకే కుదురు లేదని కుందలహళ్ళిలో మా ఇంటిల్లిపాదీ అన్నారు.

విషయమేమంటే, ఆయనా, ముగ్గురు స్నేహితులూ కలిసి బెంగళూరు టర్ఫ్ క్లబ్బులో పరుగెత్తే మూడేళ్ళ ఆడ గుర్రాన్ని కొందామనుకున్నారు. చిన్నాయన వాటాకు 4 లక్షలు. అది రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు. పిన్నమ్మ మోకాలి ఆపరేషన్‌కని తీసిపెట్టినది కూడా అందులోనే ఉంది. కొనడంతో అయిపోయేదీ కాదు. మేత, సైసు జీతం, నాడాలు, డాక్టరు, ట్రైనర్ ఫీజు అన్నీ నెల నెలా కట్టాలి. గెలిచినా గెలవకపోయినా గుర్రం తింటుంది కదా.

"మీరిద్దరూ టెస్టింగులోనే ఉన్నారు కదప్పా, చూసి చెప్పండి" అన్నాడు. నవ్వుకున్నాం గానీ, ఆలోచిస్తే మేం రోజూ చేసే పనే అది. ఉన్న ఆధారాలు చూసి, ఇది సిద్ధమా కాదా అని చెప్పడం.

మొదట పుట్టిన తేదీ చూశాం. మన దేశంలో పందెపు గుర్రాలన్నిటికీ జనవరి 1నే ఒక ఏడు నిండినట్టు లెక్క. జనవరిలో పుట్టినదీ ఏప్రిల్ చివర్లో పుట్టినదీ కాగితం మీద ఒకే వయసు. బడిలో చేర్చడానికి అయ్యవార్లు జూన్ 1 అని రాసేసిన మన పెద్దల పుట్టినరోజుల్లాగే! ఈ గుర్రం ఏప్రిల్ చివర్లో పుట్టింది. లేత వయసులో మూడు నాలుగు నెలల తేడా చిన్నది కాదు. మోకాలి పైన ఎముక పెరిగే చోట్లు రెండు, రెండున్నర ఏళ్ళకు గానీ మూసుకోవు. కాబట్టి చలికాలం సీజనులో అది రెండుసార్లు వెనకబడి రావడాన్ని మేం పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. వేసవిలో మూడో పందెం, 1200 మీటర్లు, నాలుగో స్థానం. వీడియో పదిసార్లు చూశాం. మలుపు దగ్గర చోటు దొరక్క ఆగి, చివరి 200 మీటర్లలో ముందున్నవాటి దగ్గరకు వచ్చేసింది. స్థానం కన్నా ఆ 200 మీటర్లే మాకు ముఖ్యమనిపించాయి.

తర్వాత పొద్దుటి సాధన లెక్కలు. రేసు పుస్తకాల్లో "600 మీటర్లు 40 సెకన్లు, సులువుగా" అన్నట్టు ఉంటాయి. చిన్నాయన ఆ సెకన్లు చూసి మురిసిపోతాడు. ఎవరు ఎక్కారు, ఎంత బరువుతో, తోలారా లేక దాని ఇష్టానికి వదిలారా అన్నది తెలియకుండా ఆ అంకె సగమే నిజం. 2006లో అమెరికాలో 'ది గ్రీన్ మంకీ' అనే రెండేళ్ళ గుర్రం వేలానికి ముందు ఒక ఫర్లాంగు, అంటే దాదాపు 200 మీటర్లు, 9.8 సెకన్లలో పరుగెత్తింది. కోటీ అరవై లక్షల డాలర్లకు కొన్నారు. మొత్తం మూడు పందేలు ఆడింది, ఒక్కటీ గెలవలేదు.

చిన్నాయన ఊరుకోలేదు. 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం నైపుణ్యంతో ఆడేదని, జూదం కాదని తీర్పిచ్చిందని గుర్తుచేశాడు. నిజమే. నైపుణ్యం ఉంటుందని కోర్టు చెప్పింది, మన నలుగురికీ ఉందని చెప్పలేదు అన్నాం. అప్పుడు నొసటి సుడి చూడమన్నాడు. సుడుల శాస్త్రం మనవాళ్ళలో పాతదే, గుర్రాల లక్షణాల మీద మనుమంచి భట్టు తెలుగులో పద్యగ్రంథమే రాశాడు. అదృష్టవంతుణ్ణి "వాడికి సుడి ఉంది" అంటాం కదా. ఇప్పుడు ఆ సుడులు గుర్రం పాస్‌పోర్టులో గుర్తింపు కోసం నమోదవుతాయి, మన మార్కుల కార్డులో పుట్టుమచ్చల్లాగా.

ఒక రోజు తెల్లవారుజామునే బయల్దేరి వెళ్ళి గుర్రాన్ని చూశాం. నడకలో వెనక కాలు ముందు కాలి అడుగును దాటి పడుతోంది. పరుగు తర్వాత ఊపిరిలో గురక లేదు, ముక్కులో రక్తం జాడ లేదు. కాళ్ళు తడిమితే ఎక్కడా వేడి లేదు. సైసు మదనపల్లె వైపు మనిషి. తెలుగు వినగానే ముఖం విప్పారింది. "తిండి వదలదు సార్. పందెం ఆడొచ్చిన రాత్రి కూడా తొట్టి ఖాళీ చేస్తుంది" అన్నాడు. అలిసిన గుర్రం, బెదిరిన గుర్రం ముందు మేత మానేస్తుంది. మా మట్టుకు మాకు సెకన్ల లెక్కలన్నిటికన్నా ఈ ఒక్క మాటే బరువుగా తోచింది.

వాటాదారుల్లో ఒకాయన అప్పుడే అక్టోబరు 2న మలక్‌పేటలో జరిగే డెక్కన్ డెర్బీ గురించి మాట్లాడుతున్నాడు. అది మాత్రం కాదన్నాం. దీని తల్లి గెలిచినవన్నీ 1400 మీటర్ల లోపలివే. హ్యాండిక్యాప్ పందేల్లో రేటింగులో ఒక్కో అంకెకు అర కిలో బరువు. ఒకటి రెండు గెలిస్తే రేటింగు పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. అప్పుడు దీని అసలు స్థాయి తెలుస్తుంది. మధ్య తరగతి పందేల్లో ఒకటి రెండేళ్ళు నిజాయితీగా పరుగెత్తే గుర్రం, అంతే. ఖర్చు రాబట్టుకుంటే గొప్ప.

ఇదంతా ఒక పేజీలో రాసి ఇచ్చాం. చివరి వరుసలో గుర్రం గురించి కాక, పిన్నమ్మ డబ్బు ముట్టొద్దని రాశాం. చిన్నాయన రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడో రోజు 2 లక్షలకు సగం వాటా తీసుకున్నాడు, మిగతా సగం ఆయన స్నేహితుడొకాయన తీసుకున్నాడు.

పిన్నమ్మ ఆపరేషన్ వచ్చే నెల పదో తారీకున. గుర్రం 1400 మీటర్ల పందెం దానికి నాలుగు రోజుల ముందు. మేం రెండిటికీ సెలవు పెట్టాం.