చలిమంట చుట్టూ చిన్న విమానాలు

భోగికి ఇంకా నాలుగు రోజులున్నాయి గానీ మా తోటలో నెగడు అప్పుడే మొదలైంది. రండి, ఆ మామిడి మోడు మీద కూర్చోండి. పొగ అటు పోతుంది లెండి. నూజివీడు అనగానే మీకు మే నెల, రసాలు గుర్తొస్తాయి. మాకు గుండెదడ మాత్రం జనవరిలోనే. పూత వచ్చేది ఇప్పుడే కదా. మంచు ఇలా దట్టంగా పడితే పూత మాడుతుంది, తేనెమంచు పురుగు చేరుతుంది. ఈ మంచుకే అవతల గన్నవరంలో విమానాలు దిగలేక గాల్లో చక్కర్లు కొడతాయి. పూత సంగతీ విమానాల సంగతీ ఒకే మంట దగ్గర మాట్లాడుకునే కొంప ఈ చుట్టుపక్కల మాదొక్కటేనేమో. పుణ్యం మా బాబాయిదీ, మా మేనల్లుడిదీ.

బాబాయికి ఎనభై దాటాయి. పుష్పక్ మీద ఎగరడం నేర్చుకుని, తరవాత జీవితమంతా కుర్రాళ్ళకి సెస్నాల మీద నేర్పాడు. మేనల్లుడు లైసెన్సు తెచ్చుకుని రెండేళ్ళు. పండక్కి వచ్చాడు. వాడు నేర్చుకున్న విమానంలో ముందంతా తెరలే. ఇద్దరినీ ఒక మంట దగ్గర కూర్చోబెడితే ఇంక నెగడుకి వేరే పుల్లలక్కర్లేదు.

"పుష్పక్‌తో సరితూగేది ఏదిరా?" అన్నాడు బాబాయి నిన్న రాత్రి. మనం విన్న పుష్పకం ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండేది కదా! బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు 1958లో ఎగరేసిన పుష్పక్‌లో ఇద్దరికే చోటు. 90 హెచ్‌పీ ఇంజను, గుడ్డ కప్పిన రెక్కలు, తోక కింద చిన్న చక్రం. ఆ తోకచక్రం వల్ల దిగేటప్పుడు కాళ్ళు నిద్రపోయాయంటే విమానం గిర్రున తిరిగి పొలంలోకి పోయేది. అదే దాని గొప్పతనమట. అడగని పాఠం చెప్పే మాస్టారులాంటిదన్నమాట.

"మా 172లో నలుగురు కూర్చోవచ్చు తాతయ్యా" అన్నాడు మేనల్లుడు. బాబాయి నవ్వాడు. నవ్వడూ మరి? సెస్నా 172 అంటే 1956 నుంచి 44 వేలకి పైగా తయారైన విమానం. ఒంటి ఇంజను విమానాల్లో మన అంబాసిడర్ కారు అనుకోండి. మొదట్లో ఇంజను 145 హెచ్‌పీ, ఇప్పటి 172 ఎస్‌లో 180. కానీ మెత్తటి సీట్లు, తెరలు, గట్టి బందోబస్తు అన్నీ చేరి విమానం సొంత బరువూ పెరిగింది. ట్యాంకులు నిండా పోస్తే నలుగురు పెద్దవాళ్ళు ఎక్కడానికి లేదు. ఒకరు దిగాలి, లేదా పెట్రోలు తగ్గించాలి. సీట్లు నాలుగు, మనుషులు ముగ్గురు. పుష్పకానికి సరిగ్గా తిరగేసిన లెక్క. మా గంపెడు రసాల సంగతి ఇంక అడగొద్దు.

అసలు గొడవ ఇంజను దగ్గరే. 1986లో ఆపేసిన 172ని పదేళ్ళ తరవాత మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కార్బురేటర్ తీసేసి ఇంజెక్షన్ పెట్టారు. కార్బురేటర్‌తో పెద్ద బాధ మంచు. ఈ మంటకి అవతల కురిసే మంచు కాదు, లోపల కట్టేది. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడి లాగేసుకుంటుంది. గాలిలో తడి ఉంటే, బయట ఇరవై డిగ్రీలున్నా సరే, కార్బురేటర్ గొంతులో మంచు పేరుకుని ఇంజను మూలుగుతుంది. పైలట్ ఒక పిడి లాగి వేడిగాలి పంపితే ఆ మంచు కరిగి, ఇంజను నాలుగు దగ్గులు దగ్గి తేరుకుంటుంది. "ఆ దగ్గు విన్నవాడే పైలట్" అంటాడు బాబాయి.

కొత్తదానికి ఆ పిడీ లేదు, ఆ దగ్గూ లేదు. బదులుగా వేసవి మధ్యాహ్నం ఉంది. దిగి, ఇంజను ఆపి, పావుగంటలో టీ తాగి వచ్చేసరికి మూత కింద వేడికి సన్నటి గొట్టాల్లో పెట్రోలు ఆవిరైపోతుంది. స్టార్టర్ ఎంత తిప్పినా అందుకోదు. పెట్రోలు పాళ్ళు మార్చే మిక్స్చర్ పిడిని వెనక్కి లాగి ఉంచి, తిప్పుతూ తిప్పుతూ, అందుకున్న క్షణాన లోపలికి నెట్టాలి. మూడో చెయ్యి ఉంటే బాగుండుననిపిస్తుందట. మా వాడికి పోయిన మేలో ఒక ఊళ్ళో నలుగురు చూస్తుండగా బ్యాటరీ దిగిపోయింది. ఆ ముక్క వాడే ఒప్పుకున్నాడు. బాబాయి ముఖం చూడాలి మీరు, సంక్రాంతి ఆ క్షణమే వచ్చేసింది.

"మాకు బెంగ పైన ఉండేది. మీకు నేల మీదికి దించారు" అన్నాడాయన. కిందికి దించడమే మేలు కదా అన్నాను నేను. నా మాట ఎవరూ వినలేదు.

మామిడిలోనూ ఇంతే. ఆమ్రపాలి ఏటేటా కాస్తుంది, చెట్టు పొట్టి, కోయడం సుళువు. కానీ కాయ చిన్నది. చిన్న రసానికి అలవాటుపడ్డ నాలుక కొత్త కాయని తప్పు పట్టకుండా ఉండదు. అలాగే బాబాయి రెక్కల వెనక దించే ఫ్లాపుల కోసం, అందులోనూ నలభై డిగ్రీలవాటి కోసం, ఇప్పటికీ నిట్టూరుస్తాడు. పాత 172లో ఫ్లాపులు నలభై డిగ్రీల దాకా దించితే గద్ద వాలినట్టు నిటారుగా దిగొచ్చు. 1981 రకం నుంచి ముప్పైకి కుదించారు. దిగడం మానుకుని మళ్ళీ పైకి లేవాలనుకుంటే నలభైతో విమానం ఎక్కలేక ఈడ్చుకుంటుంది మరి. ఇక్కడ నేను కొత్తవాళ్ళ పక్షం.

తెరల విషయంలో మాత్రం కాదు. 2010లో అమెరికా రవాణా భద్రతా సంస్థ తెరలున్న చిన్న విమానాలనీ, పాత గడియారాలున్నవాటినీ పోల్చింది. తెరలున్నవాటికి మొత్తం ప్రమాదాల రేటు తక్కువే. ప్రాణాలు పోయిన ప్రమాదాల రేటు మాత్రం ఎక్కువ. తెర ఇచ్చినంత తేలిగ్గా దాన్ని వాడే శిక్షణ ఇవ్వలేదన్నది అందులో తేలింది. మేనల్లుడు ఈ లెక్క విని కాసేపు పుల్లతో నిప్పులు కెలికాడు.

వాడి స్నేహితులు నేర్చుకున్న డైమండ్ డీఏ40 డీజిల్ ఇంజనుది. జెట్ విమానాల ఇంధనమే తాగుతుంది. మన దేశంలో అదే పెద్ద సుఖం. చిన్న విమానాలకి కావలసిన ఏవ్‌గ్యాస్‌ని 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ వాళ్ళు ఇక్కడే చేసి అమ్మడం మొదలుపెట్టేదాకా విదేశాల నుంచే తెచ్చుకున్నాం.

ఇద్దరూ ఒప్పుకున్న విమానం ఒకటే. బెంగళూరు ఎన్‌ఏఎల్ పరిశోధనశాల వాళ్ళ హంస కొత్త రకం, హంస ఎన్‌జీ. 2021 సెప్టెంబరు 3న మొదటిసారి ఎగిరింది. ఇద్దరే పక్కపక్కన. రోటాక్స్ ఇంజను ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ది, కాబట్టి మిక్స్చర్ గొడవే లేదు. మా వాడికి దాని తెరలు నచ్చాయి. బాబాయికి చుట్టూ కనిపించే గాజుగుడిసె నచ్చింది. ఫ్లాపులకి కరెంటు ఎందుకని సణిగాడనుకోండి, అది వేరే సంగతి.

తెల్లారి తొమ్మిదయ్యాక మంచు విడిచింది. గన్నవరం వైపు నుంచి ఏటీఆర్ విమానం ఒకటి తోట మీదుగా పోయింది. మేనల్లుడు లేచి నిలబడి చూశాడు. బాబాయి తలెత్తలేదు. రెండు ఇంజన్లున్నది ఆయన లెక్కలో బస్సు.