పాల గ్లాసూ, మా మొహాల మీద మొటిమలూ

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మేం పాడేరు వైపు ఊళ్ళ నుంచి వచ్చి హాస్టల్లో ఒకే గదిలో ఉంటున్న నలుగురు ఆడపిల్లలం. మా నాలుగిళ్ళలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఒంటికి ఏమొచ్చినా ఇంట్లో అడగడానికి తెలిసినవాళ్ళు ఉండరు, ఒకరినొకరం అడుక్కుంటాం. ఈ ఏడాది మా గదిలో ఎక్కువ నడిచిన మాట మొటిమలు.

నవ్వకండి. మాలో ఒకమ్మాయి రెండు వారాలు క్లాసుకే వెళ్ళలేదు. బుగ్గల నిండా చీము పొక్కులు. ఎవరో "కొండోళ్ళు మొహం కడుక్కోరు" అన్నారట. ఆ మాట పడ్డాక రోజుకి ఐదారుసార్లు సబ్బుతో తోమేది. తోలు లేచింది గానీ మొటిమ పోలేదు. మొటిమ మురికి వల్ల రాదండీ. ఈ వయసులో హార్మోన్ల వల్ల చర్మంలోని నూనె గ్రంథులు ఎక్కువ పనిచేస్తాయి, ఆ నూనె బయటికొచ్చే రంధ్రం మూసుకుపోతే పొక్కవుతుంది. కొండమీదైనా సిటీలోనైనా ఇదే.

పక్క గది అక్క "పాలు మానెయ్యండే, అవే పోతాయి" అంది. మాకు ఆ మాట వెంటనే నచ్చింది, ఎందుకంటే పాలు మాకు ముందునుంచీ పడవు. మా ఊళ్ళో ఆవుని పితకరు. దూడ తాగాల్సినవి మనం తాగేస్తే రేపు అది నాగలి ఎలా లాగుతాది అంటుంది అవ్వ. పాల గ్లాసు మేం చూసింది ఆశ్రమ పాఠశాలలోనే. తాగిన రోజు కడుపు ఉబ్బరం, గుడగుడ. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరని అరిగించే ఎంజైము చిన్నతనం దాటాక చాలామందిలో తగ్గిపోతుంది. అది జబ్బేం కాదు. అయితే కడుపుకి పడకపోవడం వేరు, మొటిమ రావడం వేరు.

మాలో జువాలజీ చదివే అమ్మాయి లైబ్రరీ కంప్యూటర్లో వెతికింది. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో 78 వేలకు పైగా పిల్లల, యువత లెక్కలు కలిపి చూశారు. పాల పదార్థాలు తీసుకునేవాళ్ళలో మొటిమలు కొంత ఎక్కువ. వెన్న తీసిన పాలతోనూ అంతే, పెరుగుతోనూ అంతే. పాలు ఇన్సులిన్‌నీ, ఐజీఎఫ్-1 అనే హార్మోన్‌నీ పెంచి నూనె గ్రంథుల్ని రేపుతాయని ఒక వివరణ. కానీ ఎక్కువ కనిపించినంత మాత్రాన పాలే కారణం అని తేలినట్టు కాదు. రోజూ పాలు తాగినా నున్నగా ఉండే మొహాలు మా హాస్టల్లోనే బోలెడు.

ఇంకోటి చదివి గదంతా గోల గోల అయ్యింది. పాపువా న్యూ గినీలో కితావా అని ఒక దీవి. అక్కడ 1,200 మందిని, పరాగ్వేలో అచే ఆదివాసుల్లో 115 మందిని డాక్టర్లు చూశారు (2002లో అచ్చయింది). ఒక్కరికీ మొటిమ లేదు! కితావా వాళ్ళు దుంపలు, చేపలు, కొబ్బరి, పండ్లు తింటారు. పాలు లేవు, నిజమే. కానీ పంచదార, మైదా కూడా లేనట్టే కదా. 2007లో ఆస్ట్రేలియాలో కుర్రాళ్ళకి 12 వారాలు చక్కెర, మైదా లాంటివి తగ్గించి పెడితే మొటిమలు తగ్గాయి. మనమేమో పాల గ్లాసు మీద కోపం, క్రీం బన్ను మీద ప్రేమ.

మా భయం వేరే ఉంది. ఆ అమ్మాయి పాలు మానేసింది, తర్వాత "వేడి" అని గుడ్డు కూడా మానేసింది. ముందే రక్తం తక్కువ. మెస్సులో ఒకటి వద్దంటే బదులు ఇంకోటి రాదు. ఇంట్లో అయితే చోడి అంబలి ఉండేది. 100 గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, అదే 100 మిల్లీలీటర్ల పాలలో 120 దాకా. పాలు మానాలనుకుంటే మానండి, ఒక నెలా రెండు నెలలు చూసుకోండి, కానీ ఆ జాగాలో ఏదో ఒకటి తినండి. గుడ్డు మాత్రం వదలొద్దు.

మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే తెల్లబడే ట్యూబులు అసలే వద్దు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వారంలో మొహం మెరుస్తుంది, ఆపగానే రెండింతలు లేస్తాయి, చర్మం పలచబడుతుంది. మా పిల్లని చర్మం డాక్టరుకి చూపించాం. రాసిన జెల్ రెండు నెలలు ఓపిగ్గా రాస్తేగానీ తేడా తెలీదన్నారు. ఇప్పుడు ఐదో వారం. క్లాసుకి వస్తోంది, చున్నీ ఇంకా తియ్యలేదు.

పాలు పడనివాళ్ళకి పొద్దున చోడి జావ ఇవ్వమని మెస్ కమిటీకి కాయితం రాసి 26 మంది సంతకాలు పెట్టాం. ఇంకా జవాబు రాలేదు. మీ హాస్టళ్ళలో ఎక్కడైనా అలా ఇస్తుంటే కింద రాయండి, చూపించి అడుగుతాం.