తెరపై మిగిలిన తెలుపు

చలనచిత్రపు తెర దృష్టాంతం వేదాంత శ్రోతలకు సుపరిచితం. భగవాన్ రమణ మహర్షి తమను ఆశ్రయించిన జిజ్ఞాసువులకు దానిని అనేక పర్యాయములు బోధించారు. తెరపై కనిపించే అగ్ని తెరను దహించదు, తెరపై పొంగే సముద్రం తెరను తడపదు. బొమ్మలు జగత్తు, తెర ఆత్మ. వినడానికి ఎంత సులభం! అయినను సాధకుని హృదయంలో ఒక సందేహం నిలిచిపోతుంది. బొమ్మలు ఆడుతున్నంతసేపు తెర కానరాదు. బొమ్మలు ఆగినప్పుడు చూద్దామంటే, బ్రతికి ఉండగా అవి ఆగేదెన్నడు?

వేదాంత పరిభాషతో ఏ సంబంధమూ లేకుండా ఈ సందేహానికి అతి సమీపంగా వచ్చిన ఛాయాచిత్రకారుడు ఒకరు ఉన్నారు. ఆయన పేరు హిరోషి సుగిమోటో. 1948లో టోక్యో నగరంలో జన్మించారు. అక్కడి రిక్క్యో విశ్వవిద్యాలయంలో విద్య ముగించి, 1970లో అమెరికా చేరి, లాస్ ఏంజెలెస్‌లో ఛాయాగ్రహణ కళను అభ్యసించారు. 1974లో న్యూయార్క్‌కు తరలివెళ్లారు. జపాన్ దేశపు పురాతన కళావస్తువుల క్రయవిక్రయాలు ఆ నగరంలో కొంతకాలం ఆయనకు జీవనాధారం.

1970ల ద్వితీయార్ధంలో ఆయనకు ఒక ప్రశ్న తోచింది. ఒక చలనచిత్రాన్ని ఆద్యంతం ఒకే ఛాయాచిత్రంలో గ్రహిస్తే ఏమి మిగులుతుంది? ప్రకాశించే తెర మిగులుతుందని ఆయన అంతరంగమే బదులు పలికిందట. చవక టిక్కెట్ల సినిమా హాలు ఒకదానిలోకి పెద్ద కెమెరాతో ప్రవేశించి, చిత్రం ఆరంభమైన క్షణాన షట్టర్ తెరచి, ముగిసిన క్షణాన మూశారు. ఆ రాత్రే ఫిల్మును కడిగి చూస్తే, తెర ఉన్న స్థానంలో నిష్కళంకమైన ధవళకాంతి. 'థియేటర్స్' అనే ఆయన ప్రసిద్ధ చిత్రమాల ఆ విధంగా పుట్టింది.

ఈ చిత్రాన్ని నాకు చూపినవాడు నా తమ్ముని కుమారుడు. వృత్తిరీత్యా ఛాయాచిత్రకారుడు. వాని తండ్రి కాలధర్మం చెంది అప్పటికి ఎనిమిది మాసాలు. నేను చూచి, "ఖాళీ తెర, బాగున్నది నాయనా" అన్నాను. వాడు, "ఖాళీ కాదు పెదనాన్నా. సినిమా మొత్తం అందులోనే ఉంది" అన్నాడు.

ఆ మాట నన్ను చాలాకాలం విడువలేదు. సెకనుకు 24 బొమ్మల చొప్పున రెండు గంటల చిత్రానికి 1,72,800 బొమ్మలు. నాయకుని విజయం, ప్రతినాయకుని క్రౌర్యం, వివాహం, మరణం, అన్నియు ఆ తెలుపులో ఉన్నవి. ఏ ఒక్కటీ తొలగింపబడలేదు. ఏ ఒక్కటీ అధికంగా నిలువలేదు. 'నేతి నేతి' అని ఒక్కొక్కదానిని త్రోసివేయడం మనం ఎరిగిన మార్గం. సుగిమోటో దేనినీ త్రోసివేయలేదు. షట్టర్ మూయలేదు, అంతే.

ఆ చిత్రాలలో మరొక విశేషం ఉన్నది. నా దృష్టి మొదట దానిపై పడలేదు. తెర వెలుగుతో ఆ మందిరం యావత్తు ప్రకాశిస్తుంది. కప్పుపై లతలు, స్తంభాలపై నగిషీలు, వరుసలు తీరిన ఆసనాలు, అన్నియు స్పష్టం. సినిమా చూడవచ్చినవారు చీకటిలో కూర్చుండి వీటిని గమనించరు. సమస్తమూ ఏ వెలుగు వలన భాసిస్తున్నదో దానిని స్మరింపజేసే ఉపనిషద్వాక్యం పాఠకులకు ఈపాటికి గుర్తుకు వచ్చి ఉంటుంది.

అయితే పోలికను హద్దు దాటనీయరాదు. ఫిల్ము కాంతిని సంచయం చేసుకుంటుంది, సాక్షి దేనినీ సంచయం చేసుకొనదు. అసంగమైన చైతన్యాన్ని వెండి లవణాలు పూసిన పలుచని పొరతో సమానం చేయలేము. కనుక సుగిమోటో ఆత్మను ఛాయాచిత్రంగా తీశారని చెప్పడం అతిశయోక్తియే. ఆయన భుజాలపై మన ఉత్తరీయం కప్పడం నాకు సమ్మతం కాదు.

మన దేవతలు మాత్రం ఆయన దేశానికి ఏనాడో చేరుకున్నారు. క్యోటో నగరంలో సంజుసాన్‌గెన్‌దో అనే బౌద్ధాలయం ఉన్నది. 12వ శతాబ్దంలో నిర్మింపబడి, 1249లో దగ్ధమై, 1266లో పునర్నిర్మితమైనది. అందులో సహస్రభుజ అవలోకితేశ్వరుని విగ్రహాలు 1,001. వాటిని పరిరక్షిస్తూ నిలిచిన 28 మందిలో బ్రహ్మ, ఇంద్రుడు, గరుత్మంతుడు ఉన్నారు! అక్కడ ఛాయాచిత్రాలు తీయుటకు అనుమతి కోసం సుగిమోటో ఏడు సంవత్సరాలు నిరీక్షించారు. 1995లో అనుమతి లభించింది. విద్యుద్దీపాలు విడిచి, తూర్పు కొండలపై ఉదయించిన సూర్యుని వెలుగులో మాత్రమే 48 చిత్రాలు తీశారు. వరుస వెంట వరుస, ముఖం వెంట ముఖం. పైపైన చూచిన కంటికి 48 ఒకే చిత్రం. నిదానించిన కంటికి ఏ రెండు విగ్రహాలూ ఒకటి కావు.

ఇక నా విషయం. తమ్ముడు గతించిన పిదప ధ్యానానికి కూర్చుండిన ప్రతి ప్రాతఃకాలం ఒకే దృశ్యం ఎదుట నిలిచేది. ఆసుపత్రి వరండా, ఇనుప కుర్చీ, తలుపు తీసి బయటికి వచ్చిన వైద్యుని ముఖం. దానిని తొలగించి తెరను చూడుమని పెద్దలు హితవు పలికారు. తొలగించిన కొద్దీ అది మరింత గాఢమైనది. బిడ్డ చెప్పిన మాట తరువాత తొలగించే యత్నం మానుకున్నాను. రానిచ్చాను. వాడు జీవించినది 61 సంవత్సరాలు, అనగా 22,000కు పైబడిన దినములు. ఆ వరండా వాటిలో ఒక్క దినము.

కొన్ని వారాల పిదప ఒక ఉదయం వరండా వచ్చింది, వెళ్లింది. దాని వెనుకనే, ఎన్నో ఏండ్లుగా స్మరణకు రానిది ఒకటి వచ్చింది. ఎనిమిదేండ్ల తమ్ముడు తడి జుట్టుతో చెరువు గట్టు మీద నిలబడి, తన చెప్పులు నేనే దాచానని నాపై కోపగించుకుంటున్నాడు.