నాకేం షేపు, బిడ్డా!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. మూడు చుక్కలు పెట్టి గీతలు కలిపితే ముక్కోణం. సూర్యాపేటలో అమ్మ ఉంటుంది. కోదాడకు చెల్లెల్నిచ్చాం. మిర్యాలగూడ రైసుమిల్లులో నేను లెక్కలు రాస్తాను. నెలకు ఒకసారైనా ఈ ముక్కోణం చుట్టూ బస్సులో తిరిగిరావలసిందే. నా చిన్నప్పుడు మూడూ నల్లగొండ జిల్లావే. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు సూర్యాపేట, కోదాడ ఒక పటంలోకి వెళ్లాయి, మిర్యాలగూడ పాత పటంలోనే ఉండిపోయింది. బళ్లో చెయ్యి నొప్పిపుట్టేదాకా గీసి నేర్చుకున్న జిల్లా షేపు ఇప్పుడు ఏ గోడమీదా కనపడదు. ఊళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

ఈ షేపు అనే మాట నన్ను పట్టుకున్నది పటం దగ్గర కాదు, దర్జీ దగ్గర. బతుకమ్మ పండుగకు వారం ముందు అమ్మను సూర్యాపేటలో టైలర్ దగ్గరికి తీసుకుపోయాను. మెడలో టేపు, చెవిమీద సుద్ద ముక్క, కాళ్ల చుట్టూ గుడ్డపీలికలు. పండుగ గిరాకీలో ఆయనకు తల ఎత్తే తీరిక లేదు. కొలతలు రాసుకుంటూనే అడిగాడు: "అమ్మా, షేపు పెట్టాల్నా, సాదాగ కుట్టాల్నా?"

"నాకేం షేపు, బిడ్డా! చెయ్యి పైకి లేస్తే సాలు. బతుకమ్మను నెత్తిన పెట్టుకోవాలె," అన్నది అమ్మ.

బడి మొహం చూడని మా అమ్మకు ఆ ఇంగ్లీషు మాటకు అర్థం చెప్పాల్సిన పని పడలేదు. ఎందుకు పడుతుంది? కొత్త కారు షేపు బాగుందంటాం. కొట్లాటలో ముఖం షేపులు మారుస్తామంటాం. దోసె పెనానికి అంటుకుంటే షేపు పోయిందంటాం. ఆకారం, రూపం, వాటం, తీరు ఇన్ని ఉండగా దీన్ని తెచ్చి ఇంట్లో కూర్చోబెట్టుకున్నాం. కూర్చోబెట్టుకున్నవాడి ఊరూ పేరూ కనుక్కోవడం మన మర్యాద కనక ఆ రాత్రి నిఘంటువు తీశాను.

పెద్ద ఇంటి పిల్లే. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో 'షియెప్పన్' అనే క్రియ ఉండేది. సృష్టించడమని దానికి అర్థం. సృష్టికర్తను అదే ధాతువుతో 'ష్యుప్పెండ్' అని పిలిచేవారు. సృష్టి అయిన వస్తువుకు వాడిన మాట నుంచే ఇవాళ్టి షేపు దిగింది. ఆ పాత మాటకు విధి అనే అర్థం కూడా ఉండేది. అంటే మన నుదుటిరాత లాంటిది. సృష్టించినవాడే రాత కూడా రాశాడన్న నమ్మకం మనకొక్కరికే లేదన్నమాట. ఫ్రెండ్షిప్ చివర తగిలించిన షిప్పు ఓడ కాదు, ఈ షేపుకు చుట్టమే. ల్యాండ్‌స్కేప్ తోక కూడా ఈ వంశానిదే, కాకపోతే డచ్చి చిత్రకారుల ఇంటినుంచి వచ్చింది.

మన ఆకారానికి వస్తే అదీ ఇదే కథ. 'కృ' అంటే చేయడం. ఆకారం, ఆకృతి, ప్రకృతి, సంస్కృతి అన్నీ ఆ ధాతువు బిడ్డలే. ఎక్కడి ఇంగ్లీషు, ఎక్కడి సంస్కృతం! రెండూ కూడబలుక్కోకుండానే వస్తువు షేపును చూసి దాన్ని చేసినవాణ్ణి తలుచుకున్నాయి. చేసిన చెయ్యి వెళ్లిపోయాక మిగిలేదే ఆకారం. అట్లాగని ఆకారాన్ని నమ్ముకుంటే మోసపోతామని తెలుగువాడికి తెలుసు. ఆకారపుష్టి, నైవేద్యనష్టి అని సామెత కట్టి పెట్టుకున్నాడు.

మా మిర్యాలగూడలో మాత్రం ఆకారం మీదే నైవేద్యం ఆధారపడి ఉంటుంది. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చాక ఈ ఊరి చుట్టూ పొలాలు పచ్చబడ్డాయి, ఊరి నిండా మిల్లులు లేచాయి. కోతలప్పుడు రోడ్డు పొడుగునా వడ్ల ట్రాక్టర్లు. కొనేవాడు గుప్పెడు వడ్లు తీసి అరచేతిలో నలిపి, పొట్టు ఊది, ఒక గింజను పంటికింద పెడతాడు. పటుక్కుమంటే ఆరిన వడ్లు, మెత్తగా నలిగితే పచ్చివి. తర్వాత గింజ నడుము చూస్తాడు. సన్నాలా, దొడ్డువా? రైతు ముఖం కళకళలాడేదీ చిన్నబోయేదీ ఆ నడుము దగ్గరే. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబమసూరి అంత పేరు తెచ్చుకున్నదంటే రుచితోపాటు ఆ సన్నని నడుము కూడా కారణమే.

2024 వానాకాలం పంటకు ప్రభుత్వం సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించాక, సన్నం అంటే ఎంత సన్నమన్న తగువు వచ్చింది. పొట్టు తీసిన గింజ పొడవు 6 మిల్లీమీటర్ల లోపు, వెడల్పు 2 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. వెడల్పుకు పొడవు రెండున్నర రెట్లు దాటాలి. కొలవడానికి కొనుగోలు కేంద్రాలకు కాలిపర్లు పంపారు. మా అమ్మ జాకెట్టుకు టేపు, రైతు గింజకు కాలిపర్. మరుసటి ఏడు ఉగాదినాడు రేషన్ సన్నబియ్యం పథకం మొదలైంది కూడా ఈ ముక్కోణం అంచునే ఉన్న హుజూర్‌నగర్‌లో. ఒక గింజ ఆకారానికి ఇంత రాజ్యాంగం ఉంటుందని నాకు లెక్కలు రాస్తేగానీ తెలియలేదు.

ఆ 500 రూపాయల్లో కూడా షేపు దాక్కుని ఉంది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధక్షేత్రంలో 2024లో ఒక కుండ దొరికింది. దాంట్లో 3,730 సీసపు నాణేలు. ఒకవైపు ఏనుగు బొమ్మ, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. సీసం అంటే ముద్ద. దానిమీద ఏనుగు నిలబడ్డాకనే అది డబ్బయింది. రూపాయి అన్న మాట పుట్టిందీ ఇట్లాగే. రూపం ముద్రించినది 'రూప్యం' అని పాణిని ఏనాడో సూత్రం కట్టాడు. మనం జేబులో వేసుకుని తిరుగుతున్నది రూపాన్ని. అది చేజారితే మనిషి రూపురేఖలు మారిపోవడంలో వింతేముంది!

దసరాకు ముందు కోదాడ వెళ్లినప్పుడు మరో ముడి విడిపోయింది. హైదరాబాదు–విజయవాడ రోడ్డుమీద తెలంగాణకు చివరి పట్నం అది. బస్టాండులో ఒక బెంచీమీద "ఎట్లున్నవే" అంటే పక్క బెంచీమీద "ఎలా ఉన్నావు" అంటారు. చెల్లెలి అత్తగారిది జగ్గయ్యపేట వైపు. చెల్లెలి జాకెట్టు చూసి ఆమె "వాటంగా కుట్టాడే!" అన్నారు. పక్కనే ఉన్న మా అమ్మ, "అవునొదినె, తీరుగ కుట్టిండు," అన్నది. ఒకే జాకెట్టు, ఒకే మెచ్చుకోలు, మధ్యలో సరిహద్దు.

తిరుగు బస్సులో ఆ 'తీరు' నన్ను వదల్లేదు. ఇంగ్లీషుకూ సంస్కృతానికీ ఆకారమంటే చేయడం. మన తెలుగుకు మాత్రం చేసినంత మాత్రాన చాలదు, తీరాలి. పని తీరితే తీరిక, తగాదా తీరితే తీర్పు, ముగ్గు తీర్చితే వాకిలి. పిల్లవాణ్ణి మనిషిని చేయడాన్ని తీర్చిదిద్దడం అంటాం. చేయడం మొదటి కుట్టుతో అయిపోతుంది, దిద్దడం దగ్గర అసలు పని ఉంటుంది. బతుకమ్మకు తీరొక్క పువ్వు తెచ్చేదీ, కింద వెడల్పుగా పైకి సన్నంగా పేర్చేదీ ఆ తీరు కోసమే.

పండుగ ముందురోజు అమ్మ జాకెట్టు వచ్చింది. పని ఒత్తిడిలో అలవాటుకొద్దీ షేపు పెట్టేశాడు దర్జీ. అమ్మ వేసుకుని చెయ్యి ఎత్తబోతే భుజం దగ్గరే ఆగిపోయింది. మళ్లీ దుకాణం. ఆయన నాలుక కరుచుకుని, జాకెట్టు తిరగేసి, కుట్టు లోపలివైపు చూపించాడు.

"ఫికర్ జెయ్యకమ్మా. లోపల ఇంచు గుడ్డ వదిలిపెట్టిన."

పాత కుట్టు విప్పి, బయటికి జరిపి మిషను తొక్కాడు. పది నిమిషాలు. అమ్మ అక్కడే రెండు చేతులూ నెత్తిమీదికెత్తి, లేని బతుకమ్మను పట్టుకుని చూసుకున్నది.

"ఇగ తీరుగున్నది," అన్నది.

మర్నాడు సద్దుల చెరువు గట్టుమీద ఆ చేతుల్లో బతుకమ్మ ఒరగలేదు.