పొదలకూ ఇంటిపేర్లున్నవి

తెలుగువారిలో ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. కోయంబత్తూరు ప్రాంతంలో తరతరాలుగా ఉంటున్న మన ఇళ్ళలో ఆ ఇంటిపేరు కాగితాల మీద కనబడడం అరుదు. పిల్లవాణ్ణి బడిలో వేసేటప్పుడు ఇక్కడి వాడుక ప్రకారం తండ్రిపేరులోని మొదటి అక్షరం వ్రాయించి ఊరుకుంటాము. ఇంటిపేరు బయటికి వచ్చేది పెళ్ళిమాటలనాడే. అప్పుడు పెద్దలు మొదట ఇంటిపేరు అడుగుతారు, తరువాత గోత్రం అడుగుతారు, పిల్ల పేరు ఆ తరువాత. ఈ వరుస చాదస్తమని మన కుర్రవాళ్ళు నవ్వుతారు గాని, లోకంలోని చెట్టుచేమలన్నిటికీ శాస్త్రజ్ఞులు పేరు వ్రాసే వరుస సరిగ్గా ఇదే.

స్వీడన్ దేశస్థుడు లిన్నేయస్ 1753లో అచ్చువేసిన గ్రంథంతో ఈ పద్ధతి స్థిరపడింది. అంతకుముందు ఒక మొక్కను పేర్కొనాలంటే దాని ఆకు, పువ్వు, కాయ వర్ణిస్తూ ఒక వాక్యమంత పొడుగు వ్రాసేవారు. లిన్నేయస్ ప్రతి మొక్కకూ రెండే మాటలు చాలునన్నాడు. మొదటిది ఇంటిపేరు వంటిది, రెండవది సొంతపేరు. మన పాఠ్యపుస్తకాలు వీటిని ప్రజాతి, జాతి అంటవి. కొన్ని ఇంటిపేర్లు కలిసి ఒక గోత్రమైనట్లు, కొన్ని ప్రజాతులు కలిసి ఒక కుటుంబం అవుతుంది. ఇంతమాత్రం తెలిస్తే చాలు, పెరటి కంచె దగ్గర నిలబడి చుట్టరికాలు లెక్క వేయవచ్చు.

మా పెరడు చిన్నది. అందులో నాలుగు పొదలు ఎవరూ పట్టించుకోకపోయినా పెరుగుతున్నవి: అడ్డసరం, కనకాంబరం, డిసెంబరు పూలు, ముళ్ళగోరింట. నాలుగూ మన దేశపు మొక్కలే. ఒకటి మందుకు, రెండు జడలోకి, ఒకటి కంచెకు. చూడబోతే ఒకదానికొకటి సంబంధం లేదు. అడ్డసరం పువ్వు తెలుపు, రెండు పెదవులు తెరచినట్లుంటుంది, లోపల ఊదా గీతలు. కనకాంబరం విసనకర్ర విప్పినట్లు ఒకవైపుకే పరుచుకుంటుంది. డిసెంబరు పువ్వు లేత ఊదా. ముళ్ళగోరింట పసుపు, పక్కనే సూదుల్లాంటి ముళ్ళు. అయినా ఈ నాలుగూ ఒకే గోత్రంవి. ఆ గోత్రం పేరు అకాంథేసీ. గ్రీకు భాషలో ముల్లు అనే మాట నుండి వచ్చిన పేరది. యానాం పక్కనున్న కోరింగ మడ అడవులలో, ముళ్ళు దేరిన గట్టి ఆకులతో, ఉప్పునీటి బురదలో పెరిగే అకాంథస్ పొదది ఆ గోత్రపు మూలపు ఇంటిపేరే. అక్కడి చదువరులు దాన్ని చూసే ఉంటారు.

చుట్టరికం పట్టి ఇచ్చేది పువ్వు రంగు కాదు, కాయ. ఈ నాలుగింటి కాయలూ ఎండితే కొసనుండి నిలువునా రెండు చెక్కలుగా చీలుతవి. లోపల గింజలు నాలుగుకు మించవు. ఒక్కొక్క గింజ కింద చిన్న కొక్కెం ఉంటుంది. కాయ పగిలినప్పుడు ఆ కొక్కేలే గింజను దూరంగా విసరుతవి. ఎండిన కనకాంబరం కంకి మీద నీళ్ళు చిలకరించి చూడండి, టపటపమని పేలుతుంది. బడికి పోయే దారిలో పిల్లలు ఉమ్మితో తడిపి అరచేతిలో పేల్చే చిటపట కాయలు అమెరికా ఖండం నుండి వచ్చిన మొక్కవే అయినా గోత్రం ఇదే. దేశం వేరైనా ఇంటి లక్షణం పోలేదు.

డిసెంబరు పూలకు, ముళ్ళగోరింటకు ఇంకా దగ్గర చుట్టరికం. రెండింటి ఇంటిపేరూ బార్లేరియా. పువ్వు తీసివేసి అడుగున చూస్తే రక్షకపత్రాలు నాలుగే, వాటిలో బయటి రెండు పెద్దవి, లోపలి రెండు చిన్నవి. ఇది బార్లేరియా వారి పుట్టుమచ్చ. డిసెంబరు పువ్వు పేరు క్రిస్టేటా, అనగా సిగ గలది. ముళ్ళగోరింట పేరు ప్రయోనైటిస్, అనగా రంపం వంటిది. ముల్లు గుచ్చుకున్నవారికి ఈ రెండవ పేరు వేరే చెప్పనక్కరలేదు.

పేర్లలో గమ్మత్తులు కూడా ఉన్నవి. అడ్డసరాన్ని లిన్నేయస్ జస్టీషియా అధటోడా అన్నాడు. ఈ అధటోడా అన్నది మన ఇరుగుపొరుగు తమిళులు పలికే ఆడాతోడైయే. మేక ముట్టనిదని దానికి అర్థం చెబుతారు. ఆకు చేదు అటువంటిది, కంచెకు దీన్ని నాటడం అందుకే. 1759లో ఆయనే కనకాంబరాన్ని కూడా జస్టీషియా ఇంటనే చేర్చాడు. 1832లో నీస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు కనకాంబరాన్ని క్రొసాండ్రా అనే ఇంటికి చేర్చాడు, అడ్డసరాన్ని అధటోడా అనే వేరే ఇంట పెట్టి వాసికా అని పేరుపెట్టాడు. మన వైద్యులు వాసక అనే సంస్కృతపు మాటే అది. తరువాతివారు అడ్డసరాన్ని తిరిగి పాత జస్టీషియా ఇంటికే చేర్చారు. కనకాంబరం మాత్రం కొత్త ఇంటనే ఉండిపోయింది. దగ్గుమందు సీసాల మీద మాత్రం ఈనాటికీ తరచు అధటోడా వాసికా అనే కనబడుతుంది.

ఇన్ని మార్పులెందుకని విసుగు కలుగవచ్చు. ఆఫీసులో కాగితాలతో వేగేవారికి ఇది వింత కాదు. ఫైలుకు కొత్త సంఖ్య వేసినప్పుడు పాత సంఖ్యను చెరిపివేయము. రిజిస్టరు అంచున వ్రాసి ఉంచుతాము, పాత ఉత్తరం పట్టుకుని వచ్చినవాడు దారి తప్పకుండా. వృక్షశాస్త్రంలో పాత పేరుకు అదే గతి. అది రద్దు కాదు, కొత్త పేరు పక్కన చేరుతుంది.

మన నోటి పేర్లకు అటువంటి రిజిస్టరు లేదు. ఈ వ్యాసం వ్రాయడానికి అదే కారణం.

మా మేనత్త ఎనభై దాటాక మా ఇంటనే ఉండేది. ఒక వానాకాలంలో మనుమడికి దగ్గు పట్టుకుంటే, అడ్డసరం ఆకు నాలుగు తెమ్మని పిల్లలను పంపింది. వాళ్ళు వీధి చివరిదాకా తిరిగి, ఎవరినడిగినా ఆ పేరుగల చెట్టు లేదన్నారని ఒట్టి చేతులతో వచ్చారు. ఆ పొద మా గేటు పక్కనే ఉంది. రోజూ దాన్ని రాచుకుంటూ బడికి పోయే పిల్లలకు అది ఆడాతోడై. అడ్డసరమన్న మాట చెవిన పడ్డది లేదు. అత్త ఎవరినీ ఏమీ అనలేదు. కర్ర పట్టుకుని లేచి గేటుదాకా నడిచి, తానే ఆకులు కోసింది. “ఇది అడ్డసరం రా, నాయనా,” అని ఒక్క మాటన్నది. కషాయం కాస్తూ, కడుపుతో ఉన్నవాళ్ళకు దీన్ని ఇవ్వకూడదని కోడలికి చెప్పింది. ఆ జాగ్రత్త వైద్యులూ చెబుతారు. పేరు తెలియనివాడికి ఆ జాగ్రత్త మాత్రం ఎవరు చెబుతారు?

ఆ రాత్రి నుండి మేము ఒక నోటుపుస్తకంలో అత్త చెప్పిన పేర్లు వ్రాయడం మొదలుపెట్టాము. ముప్పైఒక్క పేర్లయినవి. ఆమె నడవగలిగినన్నాళ్ళు పొద చూపించేది, తరువాత మంచం మీదనుండి ఆకు వాసన, కాయ తీరు చెప్పేది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. పుస్తకంలో తొమ్మిది పేర్ల ఎదుట గడి ఇంకా ఖాళీగానే ఉన్నది.

నోటి పేరు ఒక్కటే పట్టుకుంటే వచ్చే చిక్కు ఇంకొకటి. చేతులకు పెట్టుకునే గోరింట, కంచెలోని ముళ్ళగోరింట పేరుకు అక్కచెల్లెళ్ళు, గోత్రానికి ఏమీ కారు. చేతుల గోరింట లాసోనియా ఇనెర్మిస్, లిథ్రేసీ కుటుంబం. నేటి లెక్కలో దానిమ్మ కూడా ఆ కుటుంబంలోదే. మరాఠీవారు కోరంటి అనేది ముళ్ళగోరింటను. పూనాలో ఉన్న మన కోడలు గోరింటాకు అడగబోయి కోరంటి అంటే చేతికి రంగు రాదు, ముళ్ళే వస్తవి.

గన్నేరు సంగతి ఇంత తేలిక కాదు. గన్నేరు, నందివర్ధనం, జిల్లేడు ఒకే గోత్రంవి, అపోసైనేసీ. అమెరికా నుండి వచ్చిన పచ్చగన్నేరూ అందులోదే. వీటి ఆకు తుంచితే కారే పాలే చుట్టరికపు గుర్తు. గన్నేరులో, పచ్చగన్నేరులో, జిల్లేడులో గుండెను కట్టివేసే విషమున్నది. పచ్చగన్నేరు కాయ పిల్లల చేతికి అందనీయరాదు. ఎవరో చెప్పారని పేరు తెలియని పాలచెట్టు ఆకును మందుగా నూరేవారు ఈ గోత్రాన్ని ఒకసారి తలచుకోవాలి. అట్లాగని గోత్రం చూసి తీర్పు చెప్పడమూ న్యాయం కాదు. మనం పప్పులో వేసుకునే పుల్లని వాక్కాయ, ఇక్కడివారి కళాక్కాయ, ఈ గోత్రపు పొదే. దాని కొమ్మా పాలు కారుస్తుంది, అయినా కాయ అమృతం. గోత్రం హెచ్చరిక చేస్తుంది, అంతవరకే. మంచిచెడ్డలు తెలియాలంటే సొంతపేరుదాకా పోవాలి.

చివరగా తంగేడు. దీన్ని ఎరుగని తెలుగువాడు లేడు. బతుకమ్మలో పేర్చే పువ్వు, తెలంగాణ రాష్ట్రపు పువ్వు. తోళ్ళు పదును చేయడానికి దీని చెక్క దక్షిణదేశమంతటా వాడేవారు. మా కొంగునాట ఇది ఆవారం. సంక్రాంతికి ముందురోజు ఆవారంపూలు, వేపరెమ్మ, తమిళులు పూళై అనే కొండపిండి పువ్వు కలిపి కట్టగట్టి ఇంటి చూరుకు, పొలం గట్టుకు కడతారు. దానికి కాప్పుకట్టు అని పేరు. మన ఇళ్ళలోనూ ఆనాడు కడతాము, కన్నడం మాట్లాడే పక్కింటివారూ కడతారు. పేరు మూడు భాషల్లో, కట్ట ఒకటే.

దీన్ని లిన్నేయస్ కాసియా ఆరిక్యులేటా అన్నాడు. ఆరిక్యులేటా అంటే చెవులు గలది. తంగేడు రెమ్మ తెచ్చి ఆకుకాడ మొదట చూడండి, చెవి తమ్మెల్లాంటి రెండు వెడల్పాటి రేకులుంటవి. ఇన్నేళ్ళు పువ్వు చూసినవారు ఆ చెవులు చూసి ఉండరు. 1982లో ఇర్విన్, బార్నెబీ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు పెద్దదైపోయిన కాసియా ప్రజాతిని వేరుపోయించారు, అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్లు. రేల కాసియాలోనే ఉండిపోయింది. తంగేడు సెన్నా వాటాకు వచ్చింది. ఆ సెన్నా ఆరిక్యులేటా అనే పేరు అప్పటికే రాక్స్‌బర్గు గ్రంథంలో, 1832 ముద్రణలో, ఉన్నది.

ఈ రాక్స్‌బర్గు మనం కృతజ్ఞతతో తలచుకోవలసినవాడు. 1793లో కలకత్తా తోటకు పోకముందు సామర్లకోటలో ఏళ్ళతరబడి ఉండి, సర్కారు జిల్లాల మొక్కలకు బొమ్మలు వేయించాడు, వాటి పక్కన తెలుగు పేర్లు వ్రాసుకున్నాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం 1795 నుండి వెలువడింది, బొమ్మలు మూడు వందలు. మన సోమిద చెట్టు పేరు ఈనాడు శాస్త్రంలో సోయ్మిడా అనే ఇంటిపేరైంది. పల్లెవాని నోట విన్నది ఎవరో కాగితం మీద పెట్టబట్టే అది నిలిచింది. తరువాత గ్యాంబుల్ 1915లో మొదలుపెట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షగ్రంథంలోనూ తమిళ, తెలుగు, కన్నడ, మలయాళ పేర్లున్నవి. మా ఊళ్ళోనే బొటానికల్ సర్వేవారి దక్షిణ మండలంలో మద్రాసు హెర్బేరియం ఉన్నది. దాని బీరువాలలో నూరేళ్ళు దాటిన ఎండు రెమ్మలు కాగితాలకు అతికించి ఉన్నవి, కోసిన ఊరు, తేదీ, కోసినవారి పేరుతో సహా.

అటువంటి కాగితం ఇంట్లో చేసుకోవడానికి ఖర్చు లేదు. పువ్వు, ఆకు, వీలైతే కాయ ఉన్న రెమ్మ ఒకటి చాలు. పాత వార్తాపత్రిక మడతల మధ్య పరచి పైన బరువు పెట్టాలి. వారంపాటు రోజూ కాగితం మార్చాలి, లేకుంటే బూజు పడుతుంది. ఎండిన తరువాత దళసరి కాగితానికి దారంతో కుట్టి, అడుగున ఊరు, తేదీ, ఇంట్లో పెద్దలు చెప్పే పేరు, వీధిలో పలికే పేరు వ్రాయాలి. శాస్త్రనామం తెలిసినవారు తరువాత చేర్చుకోవచ్చు, ఆ గడి ఖాళీగా ఉన్నా నష్టం లేదు. పెద్దలు చెప్పే పేరు గడి మాత్రం ఆలస్యానికి తాళదు.

బెంగుళూరులో ఆడుసోగె, పూనాలో అడుల్సా, బరంపురంలో బాసంగ అని వినబడేది అడ్డసరమే. అక్కడి మన ఇళ్ళలో డెబ్బై దాటినవారు ఉంటే, ఈ ఆదివారం వారిని పెరట్లోకి తీసుకుపోయి ఒక్కొక్క పొద చూపి అడగండి. వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసుకుని ఈ పత్రికకు పంపండి. మా నోటుపుస్తకంలోని తొమ్మిది గడులలో ఒకటైనా మీ ఊరి ముసలమ్మ నోట నిండుతుందని మా ఆశ.